ఒక్క మాత్రైనా కొట్టేయండి

బడి వ్యాను తాళాలు డ్రైవరు భార్య చేతిసంచిలో ఉన్నాయి. ఆయన అడిగినా ఇవ్వడం లేదామె. ఇవ్వమంటే ఎలా ఇస్తుంది? బడి గేటు దగ్గర పిల్లలు ఎక్కుతూ ఉండగానే ఆయన స్టీరింగు మీద తల వాల్చి గురక పెట్టాడు. సోమవారం దాకా తన దగ్గరున్న రెండో తాళంతో వ్యాను తనే నడుపుకుంటానని, అప్పటికీ కునుకు వదలకపోతే వేరే డ్రైవరును పెట్టుకుంటానని యజమాని ముఖం మీదే చెప్పేశాడు.

ఆయనేమీ పుట్టు నిద్రమొహం కాదు. అంతా ఆ క్లినిక్కు చలవే. అక్కడ పొద్దున ఒక డాక్టరు, సాయంత్రం ఒక డాక్టరమ్మ కూర్చుంటారు. పొద్దుటి డాక్టరు బీపీకి మాత్ర రాశాడు. అది మొదలుపెట్టాక పొడిదగ్గు పట్టుకుంది. దగ్గని వెళితే డాక్టరమ్మ సిరప్ రాసింది. సిరప్ తాగితే ఒకటే మత్తు. నీరసమేమోనని డాక్టరు బలానికి మాత్రలిచ్చాడు. అవి మింగితే కడుపులో మంట. మంటకు డాక్టరమ్మ ఇంకోటి. వెళ్లిన ప్రతిసారీ చీటీలో కింద ఒకటి చేరడమే తప్ప, పైనున్నది ఒక్కటీ తగ్గిన పాపాన పోలేదు.

"మళ్లీ ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండానే కలం తెరుస్తూ.

"ముందు ఆ కలం మూసేయండి సార్. కొత్తదేమీ వద్దు, ఉన్నవాటిలో ఒకటి తీసేయండి చాలు. ఆ సిరప్ తాగి ఈయన కూర్చున్నచోటే నిద్రపోతున్నారు."

"సిరప్ మేడమ్ గారు రాసింది కదమ్మా. ఆవిడ రాసింది నేను కొట్టేస్తే ఏం బాగుంటుంది? సాయంత్రం రండి."

"నిన్న సాయంత్రమే వచ్చాం సార్. దగ్గు ఆ బీపీ మాత్ర వల్లే కావచ్చు, కానీ అది సార్ రాసింది, పొద్దున వెళ్లండి అన్నారావిడ."

"అలా అన్నారా? మరి కాగితం మీద రాయలేదే!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి గుమ్మం పక్క బల్ల మీద కూలబడింది.

"పోదాం పదవే, అందరూ మననే చూస్తున్నారు," అన్నాడు ఆయన.

"చూడనీయండి. మీరు పడుకోండి, అదొక్కటీ బాగానే వస్తోందిగా."

డాక్టరమ్మ వచ్చే వేళకు డాక్టరు బ్యాగు తగిలించుకుని బయటికి వస్తున్నాడు. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడగానే డ్రైవరు భార్య చీటీ పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"మీరు చెప్పండి మేడమ్," అన్నాడు డాక్టరు.

"అబ్బే, మొదట చూసింది మీరే కదా సార్."

"మత్తు మాత్రం మీ సిరప్ వల్లే..."

"ఆ సిరప్ మీ మాత్ర వల్లే..."

"పోయేది మా ఆయన ఉద్యోగం!" అని అరిచిందామె.

బల్ల మీద కునుకుతున్న ఆయన ఉలిక్కిపడి లేచాడు.

డాక్టరు చీటీని గోడకు ఆనించి బీపీ మాత్ర మార్చాడు. డాక్టరమ్మ సిరప్ కొట్టేసింది. అవి పోయాక మిగతావాటికి పనే లేదు, అవీ పోయాయి. మత్తు పూర్తిగా వదిలేదాకా బండి ముట్టవద్దని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఆ క్లినిక్కులో వాళ్లిద్దరూ ఒకే మాట చెప్పగా ఆమె వినడం అదే మొదలు.

రోడ్డు మీదికి వచ్చాక ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒక్కటేనా? ఇంతసేపు కూర్చోబెట్టి ఒక్క మాత్రేనా? సరిగ్గా చూశారంటావా?"

ఆమె సంచి జిప్పు ఇంకాస్త గట్టిగా లాగింది.

"తాళాలో?"

"సోమవారం ఇస్తాను. అప్పటికి మీకు మత్తు వదుల్తుంది, నాకు మీరు వదుల్తారు."