కుడికాలి గేరు

ఆ ఇంట్లో పందెం మోటారుసైకిలుకి గేరు కుడికాలి పక్కన ఉంటుంది, వెనక బ్రేకు ఎడమకాలి పక్కన. లోకంలో బండ్లన్నీ ఒక దారి, ఆ బండి ఒక్కటీ ఒక దారి. నాన్న కుర్రతనంలో పందెంలో పడి ఎడమ చీలమండ చితక్కొట్టుకున్నాడు. ఎముకలైతే అతుక్కున్నాయి గానీ పాదం పైకి లేచి గేరు ఎత్తడం మానేసింది. ఇంకొకరైతే బండి అమ్మేసి ఏ కొట్టో పెట్టుకునేవారు. ఆయన గేరును అటు నుంచి ఇటు మార్చుకుని మళ్ళీ పందేనికి వెళ్ళాడు.

"ఎడ్డెమంటే తెడ్డెమనే బండి" అని వీధిలో అందరూ నవ్వేవారు. ఒకసారి దొంగ ఒకడు దాన్ని ఎత్తుకుపోతూ, బ్రేకనుకుని గేరు తొక్కి, వీధి చివర మంగలి షాపు షట్టరుకి గుద్దుకుని దొరికిపోయాడు. "మన బండికి తాళం ఎందుకురా, మా అన్నయ్య కాలే తాళం" అని బాబాయ్ తనకు తనే చెప్పుకుని ఇప్పటికీ మురిసిపోతాడు.

ఆ ఇంటి కూతురు పిడుగు ఆ బండి మీదే నడపడం నేర్చుకుంది. ఆమెకి వేరే పేరుంది గానీ, అమ్మకి కోపం వచ్చినప్పుడు తప్ప అది బయటికి రాదు. నాన్న బండి కడతాడు, బాబాయ్ చక్రాలూ టైర్లూ చూస్తాడు, పిడుగు నడుపుతుంది. జట్టంటే ఆ ముగ్గురే.

వాళ్ళుండే చోట ట్రాక్ మీద మలుపులు దాదాపు అన్నీ ఎడమకే. బండి ఎడమకి వాలితే అందరికీ గేరు కింద ఉన్న పాదం నేలకి రాసుకుంటుంది. అందుకని బండి మళ్ళీ నిలబడేదాకా గేరు మార్చకుండా ఓపిక పట్టాలి. పిడుగుకి ఆ బాధ లేదు. ఆమె గేరు పైన, గాల్లో ఉంటుంది. మలుపు మధ్యలోనే టక్కున మార్చి దూసుకుపోతుంది. ఈ ఏడాది కప్పు అలాగే ఇంటికొచ్చింది.

కప్పు వెనకాలే ఒక ముల్లు కూడా వచ్చింది. ఓడిపోయిన వాళ్ళలో ఒకడు హెల్మెట్ తీస్తూ అన్నాడు: "గెలిచింది ఆ పిల్లా? ఆ గేరు! కుడి మలుపులున్న చోటికి రమ్మనండి చూద్దాం." వాడి చెంప పగలగొట్టే మాట కోసం ఆమె ఎంత వెతికినా దొరకలేదు. ఎందుకంటే వాడు చెప్పింది నిజమో కాదో ఆమెకే తెలియదు.

అలాంటప్పుడు తెల్లచొక్కాల జట్టు మేనేజరమ్మ గ్యారేజీకి వచ్చింది. ఏళ్ళ తరబడి వీళ్ళకి ఎదురు నిలిచిన జట్టు అది. వాళ్ళ మెకానిక్కులు తెల్లచొక్కాలు వేసుకుంటారు, ఒక్క మరకా ఉండదు. "వాళ్ళు బండిలో ఆయిలు కాదు, పన్నీరు పోస్తారు" అంటాడు బాబాయ్.

ఆవిడ పాత టైరు మీద మొహమాటం లేకుండా కూర్చుంది. "మా జట్టులోకి రామ్మా. వచ్చే ఏడాది పెద్ద పందేలకి వెళ్తున్నాం, ఎక్కడెక్కడి ట్రాకులకో. రేపు పొద్దున ఇక్కడి ట్రాక్ మీదే మా బండి నడిపి చూడు. మాట అక్కడే చెప్పు."

బండి కింద నాన్న స్పానరు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఆవిడ వెళ్ళాక పిడుగు వంగి చూసింది. "ఏం నాన్నా, ఏమీ అనవే?"

"ఏమనాలి? బండి నేను నేర్పాను. బుర్ర నువ్వు పుట్టేటప్పుడే తెచ్చుకున్నావు. వాడుకో."

"వెళ్ళవే తల్లీ, వెళ్ళు" అన్నాడు బాబాయ్ టైరు దొర్లిస్తూ. "తెల్లచొక్కా తొడుక్కో. ఎదురుపడినప్పుడు మమ్మల్ని గుర్తుపడితే అదే పదివేలు."

"నువ్వు ఊరుకో బాబాయ్!"

"నేనెందుకూరుకుంటాను? మీ నాన్న ఊరుకున్నాడుగా, ఇంటికొకళ్ళు చాలు."

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. తను వెళ్ళిపోతే ఈ బండి ఎవరు నడుపుతారు? దీన్ని నడపడం వచ్చినవాళ్ళు లోకంలో ఇద్దరే. అందులో ఒకరి మోకాళ్ళు ఇప్పుడు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి. వెళ్తే నాన్న చేతిపని దుప్పటి కప్పుకుని మూలన కూర్చుంటుంది. వెళ్ళకపోతే ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున "నేను రాను, నాకు పనుంది" అన్న నాన్న అందరికన్నా ముందు వ్యాన్ ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

తెల్లచొక్కాల బండి వెన్నపూసలా కదిలింది. పిడుగు హెల్మెట్ లోపల "ఎడమ గేరు, ఎడమ గేరు" అని జపం చేస్తూ మొదటి చుట్టు నెమ్మదిగా ముగించింది. రెండో చుట్టులో వేగం అందుకోగానే జపం మరిచిపోయింది. మలుపు ముందు గేరు తగ్గించాలి. తల ఆలోచించేలోపే కాలు తన పని చేసేసింది. కుడికాలు గట్టిగా తొక్కింది. అక్కడున్నది బ్రేకు. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పక్కకి ఈడ్చుకుపోయింది. పిడుగు గడ్డిలో దొర్లింది.

తెల్లచొక్కాలు పరుగెత్తుకొచ్చారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండును అనిపించింది ఆమెకి.

మేనేజరమ్మ ఆమె మోచేతి మీది మట్టి దులిపింది. "దానికేముందమ్మా. మావాళ్ళు గేరు కుడిపక్కకి మార్చేస్తారు. నీకెలా అలవాటైతే అలాగే."

పిడుగు ఆవిడతో ఏదో చెప్పి, కంచె దగ్గరికి కుంటుతూ నడిచొచ్చింది.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు నాన్న.

"లేదు. గేరు కుడిపక్కకి మార్పిస్తానంది."

నాన్న మొహం ఒక్క క్షణం వెలిగింది. తన గేరు, అంత పెద్ద జట్టు బండికి! "నువ్వేమన్నావు?"

"వద్దన్నాను. అది నీ కాలికి పుట్టిన గేరు నాన్నా. దాంతో నేను ఈ ఒక్క ట్రాక్ మీదే పిడుగుని. కుడి మలుపులున్న చోట నా వేళ్ళే నేలకి రాసుకుంటాయి. నాకు రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయిగా. ఎడమకాలికే నేర్పిస్తానన్నాను. వస్తానని కూడా చెప్పేశాను."

చెప్పేశాక ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

నాన్న కంచె తీగ మీద చెయ్యి వేశాడు. "గేరు కుడికి మార్చిన కొత్తలో నేనెన్నిసార్లు పడ్డానో మీ బాబాయ్‌ని అడుగు."

"లెక్కపెట్టడం మానేశాం" అన్నాడు బాబాయ్. "పడనిరోజు ఒంట్లో బాలేదేమో అని ఇంట్లో అనుకునేవాళ్ళు."

"మరి మన బండి?" అంది ఆమె మెల్లగా.

"మన బండికేం, మహారాజు" అన్నాడు నాన్న. "కుడికాలున్నవాళ్ళు ఎవరో ఒకరు దొరక్కపోరు. దొరికాక ఈ ట్రాక్ మీద నిన్ను ఓడిస్తాను. కూతురివని చూడను."

"నన్నా? చూద్దాం!"

"చూద్దాంలే. ముందు గేరు వేయడం నేర్చుకో, పో!"

ఆమె మళ్ళీ ఎక్కింది. కప్పు గెలిచిన పిల్ల కొత్తగా సైకిలు నేర్చుకునే వాళ్ళలా తడబడుతూ, తప్పు గేరులో బండిని మూలిగిస్తూ చుట్టు తిరిగింది. సరిగ్గా కంచె ముందుకి వచ్చేసరికి ఇంజను గక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, కంచె పక్కన టీ తాగుతున్న పెద్దమనిషి మాట స్పష్టంగా వినబడింది.

"ఎవరండీ ఆ అమ్మాయి? గేరు వేయడం కూడా రానివాళ్ళని ఎక్కించారేంటి?"

నాన్న నిటారుగా నిలబడ్డాడు. కప్పు తెచ్చిన రోజున కూడా ఆయన అంత గట్టిగా మాట్లాడలేదు.

"మా అమ్మాయండీ!"