చక్రాల గుర్తులు లేని చోటు

మనిషి ఎగరగలడంటే ఎవరూ నమ్మని రోజులవి. ఆరేళ్లుగా ఊరంతా పిచ్చివాడంటున్న సైలస్ ఆ డిసెంబరు ఉదయం తను కట్టిన విమానం దిగి వెనక్కి చూశాడు. రాత్రి కురిసిన మంచు మీద చక్రాల గీతలు తిన్నగా వచ్చి ఒకచోట ఆగిపోయాయి. అక్కడి నుంచి అరవై అంగల మేర పిట్ట కాలు కూడా పడని తెల్లటి మంచు. ఆ తర్వాత గీతలు మళ్లీ మొదలయ్యాయి.

ఎగిరాడు! ఒహాయోలోని ఆ బీడులో చూసిన పాపాన ఎవరూ పోలేదు. పోతే పోయారు, ఫోటోగ్రాఫరును పిలుచుకొస్తే ఆ ఖాళీయే సాక్ష్యం చెబుతుంది.

అంతలో పక్క పొలం ముసలామె హుల్డా కేకలు పెడుతూ ఆ గీతల వెంబడే పరుగెత్తుకొచ్చింది. ఆమె పొడుగు గౌను అంచు దారి పొడవునా గీతలనూ, మధ్యలోని ఖాళీనీ కలిపి ఊడ్చేసింది.

"ఇంజను చప్పుడు ఆగేసరికి నా గుండె ఆగినంత పనైందిరా! దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు పెద్దమ్మా. ఎగిరాను."

"ఎగిరావా? ఎక్కడ్రా?" ఆమె వెనక్కి తిరిగి వెతికింది.

ఆరేళ్లలో తన కోసం పరుగెత్తుకొచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె అడుగులకేసి వేలు చూపించడానికి సైలస్‌కు మనసొప్పలేదు.

"ఏమో, నాకే అలా అనిపించిందేమో" అన్నాడు.