విస్తరి పక్కన సీసా

తాతాజీ జన్మలో చుక్క ముట్టి ఎరగడు. మందు చవగ్గా దొరికే యానాంలో పెళ్లికి వెళ్లి సోడా తాగి వచ్చిన ఏకైక మగాడని ఊళ్లో ఎకసెక్కాలాడేవారు. అలాంటి మనిషి మూడేళ్ల కిందట రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటరు దగ్గర, తీగ తెగిపడి షాకు కొట్టి పోయాడు. తీగ పాడైందని చెరువు యజమానికి రెండుసార్లు చెప్పాడు కూడా.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు కొడుకు హరిబాబు. నాన్న చావునే కథగా రాసి సినిమావాళ్ల చుట్టూ తిరిగాడు. చివరికి పెట్టుబడికి ముందుకొచ్చింది భీమవరం జీవరాజుగారు. ఆయనకూ చెరువులున్నాయి, రొయ్యల మేత కంపెనీ ఉంది. కథ విని నిజంగానే కళ్లు తుడుచుకున్నారు.

"బాగుందండి హరిబాబుగారూ. కానీ తప్పు చెరువు మీదికొస్తంది. నా డబ్బుతో నన్నే తిట్టించుకోమంటారా? యానాంలో తాగొచ్చి తూలి పడ్డాడని రాయండి. ఏడుపు ఎక్కడికీ పోదు."

ఒక్క సీనే కదా అని రాసిచ్చాడు. నాన్న పేరు నిలబడాలని, పాత్రకు తాతాజీ అన్న పేరే ఉంచమని మాత్రం బతిమాలాడు. సంతోషంగా ఒప్పుకున్నారు.

సినిమా విడుదలైన రోజు పాలకొల్లులో హాలు నిండింది. తూలుతూ నీళ్లలో పడ్డ తాతాజీ కోసం జనం ఏడ్చారు. తల్లి అచ్చాయమ్మ ఏడవలేదు.

ఆ నెలలోనే తాతాజీ తద్దినం వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఫొటో ముందు విస్తట్లో పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. అచ్చాయమ్మ పనసపొట్టు కూర వడ్డించి, పక్కన సోడా పెట్టింది. చిన్నాన్న వెంకటరాజు సంచిలోంచి బ్రాందీ సీసా తీసి సోడా పక్కన నిలబెట్టాడు.

"ఇదేంటి చిన్నాన్నా? నాన్న తాగడు కదా."

"ఇన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాన్రా. పేరుతో సహా పెట్టావు. కన్నకొడుకు లేనిది రాస్తాడా?"

హరిబాబు సీసా తీయబోతే తల్లి చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలీకుండా తాగేవారా మీ నాన్న?"

"లేదమ్మా. అది నేను కల్పించాను. జీవరాజుగారు రాయమన్నారు."

అచ్చాయమ్మ కొడుకు ముఖంలోకి జాలిగా చూసింది.

"నేను బాధపడతానని అంటున్నావులే."

వంగి, సీసా మూత తిప్పి తీసి పక్కన పెట్టింది. మూత ఉంటే ఆయనెలా తాగుతారని గొణుక్కుంది. ఆ ఇంట్లో ఎన్నడూ లేని వాసన ఫొటో చుట్టూ పరుచుకుంది.