చెప్పని మాటల గడి

పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా ఆ సంస్థ ఆఫీసులో ఫ్యాన్లు తిరిగేవి, ఫోన్లు చార్జింగుకెక్కేవి, ఇన్‌చార్జి మేడం నిన్నటి వివరాలు ముందేసుకుని కూర్చునేది. బాలింతల ఇళ్ళకి వెళ్ళి చూసొచ్చే అక్కలు ఆరుగురు. తల్లి ఒంట్లో ఎలా ఉంది, బిడ్డ బరువెంత, టీకా ఎప్పుడు, అన్నీ ఫోన్లోని అప్లికేషన్లోనే ఎక్కించేవాళ్ళు. అన్నిటికీ కింద ఒక గడి ఉండేది. దాన్ని ఎవరూ నింపరు. తల్లి చెప్పకుండా మింగేసిన మాట దానంతటదే వచ్చి అందులో పడేది. "కుట్లు చీము పట్టాయి, సిగ్గేసి చెప్పలేదు." "పాలు చాలట్లేదు, అత్తయ్య తిడుతుంది." అక్కలు మర్నాడు వెళ్ళి ఆ సంగతి చూసుకునేవాళ్ళు. అదెలా పడుతోందని ఎవరూ అడగలేదు.

ఆ అప్లికేషన్ని ఈ సంస్థ కోసమే కూర్చుని రాసినాయన పోయి రెండేళ్ళు. ఆయన రాసింది మరో ఇంజనీరుకి కొరుకుడు పడలేదు. గడిలో పడే మాటల్లో మాత్రం ఇప్పటికీ ఆయన అక్షరదోషాలే. "భయం"కి ఏనాడూ ఒత్తు పెట్టి ఎరగడు.

పోయిన నెల ఆ అప్లికేషన్ మూడు రోజులు తెరుచుకోలేదు. పంతొమ్మిది మంది పిల్లల టీకా తేదీలు గల్లంతయ్యాయి. అందులో ఒక పసివాడికి కోరింతదగ్గు పట్టుకుంది.

"పోయినాయన మీద భారం వేసి ఎన్నాళ్ళు కూర్చుంటాం మేడం?" అన్నాడు సంస్థ కమిటీలో ఉన్న డాక్టరు. "రెడీమేడ్ ప్లాట్‌ఫాం తీసుకుందాం. బోలెడు సంస్థలు వాడుతున్నాయి. పాడైతే బాగుచేసే దిక్కుంటుంది."

"ఆ గడి ఉంటుందా అందులో?"

"'ఇతర వివరాలు' అని ఉంది. మనమే నింపుకోవాలి."

ఆ పసివాడి దగ్గు మేడం చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. సంతకం పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం పాత వివరాలు కొత్తదాంట్లోకి ఎక్కిస్తున్న ఇంజనీరమ్మాయి చెయ్యి ఆపింది. "మేడం, ఇదొక్కటి ఎక్కట్లేదు. ఎన్నిసార్లు తోసినా వెనక్కొస్తోంది."

మేడం వంగి చూసింది. పొద్దున్నే ఆరుగురిలో పెద్దక్క వెళ్ళొచ్చి "తల్లి కులాసా" అని రాసిన ఇల్లు. గడిలో ఇలా ఉంది: "పిల్లని చూస్తే బయం. సాయంత్రం దాకా ఉండను."

చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మేడం ఆటో ఎక్కింది.

తలుపు చాలాసేపు కొట్టాక తెరుచుకుంది. ఇరవై దాటని పిల్ల. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"నీ పేరు కింద ఉన్న మాట చూసి వచ్చానమ్మా."

"నేనేం రాయలేదండీ. ఎవరికీ చెప్పలేదు కూడా."

"తెలుసు," అంది మేడం.

 ఆ పిల్ల లోపలికెళ్ళి బిడ్డని తెచ్చి మేడం చేతుల్లో పెట్టి, గడప మీదే కూలబడి భోరుమంది. సాయంత్రానికి ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. నెల తిరిగేసరికి ఆ పిల్ల మళ్ళీ మనిషయింది.

ఆ సోమవారం నుంచే కొత్త ప్లాట్‌ఫాం నడిచింది. ఒక్క తేదీ తప్పలేదు. "ఇతర వివరాలు" రోజూ ఖాళీ.

రెండు వారాలు చూసి మేడం తన కుర్చీ పెద్దక్కకి అప్పగించి, సంచీ భుజానికి తగిలించుకుంది. ఏ ఇంటికెళ్ళినా "బాగానే ఉన్నానండీ" అన్న మాట విన్నాక లేచేది కాదు. ఒక్కోసారి గంటసేపు. ఏమీ అడిగేది కాదు. ఆ మౌనంలో, ఆ ఇంటి బెంచీ మీద తన పక్కన ఒత్తులు పెట్టని మనిషెవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు అనిపించేది. అటు తిరక్కుండానే కాస్త జరిగి చోటిచ్చేది.