కాసులమ్మ మింగని మాత్ర

నేను ఒక చిన్న తెల్లని మాత్రను, వాంతులు రాకుండా ఆపేదాన్ని. పిండిగా ఉన్న నన్ను ఫ్యాక్టరీలో యంత్రం ఒక్క నొక్కు నొక్కి బిళ్లను చేసింది. వెంటనే మమ్మల్ని వెండి రేకులో, ఎవరి గది వాళ్లకన్నట్టు, విడివిడిగా మూసేశారు. పక్క గదిలో తోబుట్టువు ఉందని తెలుసు. ముఖం ఎన్నడూ చూడలేదు. మనుషులు మమ్మల్ని ముచ్చటపడి కొనరు. కొన్న చేత్తోనే, మళ్లీ ఈ అవసరం రాకూడదని దేవుడికి దండం పెట్టుకుంటారు.

నన్ను కొన్నది కాసులమ్మ. భర్త సముద్రంలో పోయాక భీమిలి జాలరిపేటలో ఒక్కతే ఉంటూ, చేపల బుట్ట నెత్తికెత్తుకుని వీధులు తిరిగి బతికింది. రొమ్ములో గడ్డకు విశాఖలో కీమో సూదులు మొదలయ్యాక, ఆమెకు చేపల వాసన పడలేదు. ముందు బుట్టను బయట పెట్టింది. తర్వాత మనుషులను రావద్దంది. ఆ పేటలో చేపల వాసన లేని మనిషి ఎక్కడుంటారు?

ఒకనాడు మరిడమ్మ గంజి తెచ్చింది. ఇద్దరూ ఏళ్ల తరబడి కలిసే చేపలమ్మినవాళ్లు. కాసులమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "రాకే! నీకు దండమెడతాను, లోనికి రాకే!" అని అరిచి, కూలబడి వాంతి చేసుకుంది. మరిడమ్మ గిన్నె అరుగు మీద పెట్టి, తన చేతులు తానే వాసన చూసుకుంటూ వెళ్లిపోయింది. గూట్లోంచి చూశాను. కాసులమ్మ చాలాసేపు ఏడ్చింది. నొప్పికి కాదు.

ఆ వారం ఆసుపత్రికి నన్నూ సంచిలో వేసుకెళ్లింది.

"ఇంకీ సూదులు నాకొద్దమ్మా," అంది నర్సుతో. "సస్తే సస్తాను. నా మనిసి నా గుమ్మం తొక్కలేని బతుకు నాకెందుకు?"

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"కక్కినప్పుడల్లా ఏసుకుంటన్నాను. దాన్నీ కక్కేస్తన్నాను."

నర్సు ఆమె పక్కన కూర్చుంది. "మొదలయ్యాక కాదమ్మా, మొదలవక ముందే వేసుకోవాలి. డాక్టరుగారిని అడిగి ఇంకో మందు కూడా రాయిస్తాను. ఈ ఒక్కసారికి నా మాట విను."

కాసులమ్మ విన్నది. రేకు చిట్లిన చప్పుడల్లా ఒక తోబుట్టువు నాకు వీడ్కోలు చెప్పడమే. వికారం పూర్తిగా పోలేదు. కానీ కడుపులో గంజి నిలిచింది. ఒక సాయంత్రం గుమ్మం పట్టుకుని నిలబడి వీధిలోకి కేకేసింది: "మరిడీ! ఓపాలి రాయే!"

మరిడమ్మ వెంటనే రాలేదు. వచ్చేసరికి తడి జుట్టుతో, ఉతికిన చీరతో వచ్చింది. గడప దగ్గర ఆగింది. కాసులమ్మే చెయ్యి పట్టి లోపలికి లాక్కుని, ఆమె భుజం మీద తల వాల్చింది.

"సబ్బు కంపు కొడతన్నావే."

"తోలూడిపోయేలాగ తోమేసినాను మరి."

ఇద్దరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు.

సూదులు అయిపోయాయి. కాసులమ్మ తలపై జుట్టు మొలిచింది. రేకులో చివరిదాన్ని నేనే మిగిలాను. నా చుట్టూ అన్నీ చిరిగిన ఖాళీ గదులే. నా మీద అచ్చువేసిన గడువు కూడా దాటిపోయింది. నన్నిప్పుడు ఎవరూ మింగకూడదు.

రోజూ పొద్దున్నే కాసులమ్మ బుట్ట ఎత్తుకుని బయటికెళ్లి తలుపు గడియ పెడుతుంది. బయట రెండు గొంతులు, "సేపలో! సేపలూ!" అంటూ కదులుతాయి. వీధి మలుపు దాకా వినిపిస్తాయి. అక్కడి దాకా వింటాను.