అడ్డంకి: మోకాలు

తాతయ్య ఇంట్లో ఫొటోలకేం కరువు లేదు. కరువల్లా తాతయ్య ముఖానికే.

ఆయన పోయి మూడు నెలలైంది. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పిన బడిలో రేపు పొద్దున ల్యాబుకు ఆయన పేరు పెడుతున్నారు. గోడకు తగిలించడానికి మంచి ఫొటో కావాలన్నారు. లేకపోతే బడి దగ్గరున్న గుర్తింపు కార్డు ఫొటోనే పెద్దది చేయిస్తామన్నారు. అందులో తాతయ్య ఎవరి గోడో దూకుతూ దొరికిపోయిన మనిషిలా ఉంటాడు.

"అది గోడెక్కితే నేను గడప దాటను," అని నానమ్మ భీష్మించుకు కూర్చుంది. ఫ్రేముల షాపు ఆరింటికి మూసేస్తారు. మనవరాలికి ఇంకా మూడు గంటలే టైముంది.

పెళ్లి ఫొటో ఒకటుండేది. కొత్త పెళ్లికొడుకు దాని నెగటివును తను కనిపెట్టిన మందులో కడిగాడు. పెళ్లి మొత్తం కొట్టుకుపోయింది. ఇక ఫోన్లంటారా, ఎవరు తన వైపు ఫోను తిప్పినా "ముందు ఆ లెన్సు తుడువు" అంటూ మీదికొచ్చి, లాక్కుని, చొక్కా అంచుతో తుడిచేవాడు. మనవరాలి ఫోనులో ఆయనవి నలభై ఫొటోలున్నాయి. నలభైలోనూ చొక్కా గుండీలే.

మిగిలింది రేకుపెట్టె. దాన్నిండా ఏటా ఇంటి మెట్ల మీద తీసిన కుటుంబం ఫొటోలు. ఇంకొకరి చేత కెమెరా నొక్కించడం తాతయ్యకు సుతరామూ గిట్టదు. మనిషి నొక్కితే చెయ్యి వణుకుతుంది, టైమరుకు చెయ్యే లేదు కదా అనేవాడు. ఆ టైమరు పేరుకు పది సెకన్లు. స్ప్రింగు అరిగిపోయి ఆరుకే క్లిక్‌మనేది. అందులో మూడు "గడ్డాలు పైకి! కళ్లార్పకండి!" అని అరవడానికే సరిపోయేవి. మిగిలిన మూడింట్లో మెట్ల దాకా పరుగు.

మనవరాలు ఫొటోలన్నీ నేల మీద వరుసగా పరిచింది. ఏ ఏడు చూసినా నానమ్మ పక్కన కాస్త ఖాళీ. మొదటి ఫొటోలో తాతయ్య ఆ ఖాళీ దాకా చేరాడు, ఇటు తిరిగేలోపు అయిపోయింది, వీపే పడింది. అక్కణ్ణుంచి ఏటికేడూ ఆ వీపు కెమెరాకు దగ్గరవుతూ వచ్చింది. చివరి దాంట్లో సగం కుటుంబాన్ని వీపే మింగేసింది.

"ఒక్కటంటే ఒక్క ముఖం లేదు నానమ్మా! సైన్సు మాస్టారయ్యుండి ఇంత చిన్న లెక్క తెలీలేదా? కెమెరా కాస్త దగ్గర పెట్టుకుంటే సరిపోయేదిగా!"

"నాకేం తెలుసే తల్లీ. అన్నీ ఆ పుస్తకంలో రాసుకునేవారుగా, చూడు."

పెట్టె అడుగున ప్రయోగాల నోటుబుక్కు ఉంది. ఏడాదికో పేజీ.

"మనుషులు ముగ్గురు. దూరం రెండు మీటర్లు. ఫలితం: చేరితిని. తిరిగేలోపు అయిపోయినది."

"మనుషులు ఏడుగురు. దూరం మూడున్నర. అడ్డంకి: పిల్లి."

"మనుషులు పదకొండు. దూరం ఐదు. అడ్డంకి: మోకాలు."

పిల్లి పేజీ పైకి చదివి మనవరాలు పడీపడీ నవ్వింది. నానమ్మ కూడా నవ్వింది, ఆ పిల్లి అప్పుడు ఎవరి కాళ్ల కింద నలిగిందో చెప్పింది. మనవరాలు పేజీ తిప్పింది.

"మనుషులు పన్నెండు. కొత్తగా వచ్చినది: మనవరాలు. స్థానం: ఎడమ చివర. కెమెరా అర మీటరు వెనక్కి. నేను చేరుట అసాధ్యము. పరిష్కారం: కెమెరా ముందుకు జరుపుట. లోపం: అంచున ఒకరు తెగిపోవుదురు. ఎవరు?"

ఆ ప్రశ్న మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. కింద ఇంకో ముక్క రాసి ఉంది: "ప్రయోగము ఇట్లే కొనసాగించవలెను."

మనవరాలు నేల మీది ఫొటోల వైపు చూసింది. ఆ తర్వాత ప్రతి దాంట్లోనూ ఎడమ అంచున, చెవి కూడా తెగకుండా, తనే ఉంది. ఏడుపొచ్చేసింది. నానమ్మ వంగి చివరి ఫొటో తీసుకుంది. అందులో కనిపిస్తున్నవాళ్లందరూ గడ్డాలు పైకెత్తి కెమెరానే చూస్తున్నారు. నానమ్మొక్కతే పరిగెత్తుకొస్తున్న మనిషిని చూస్తూ నోరారా నవ్వుతోంది.

"పద, ఇదే కట్టిద్దాం," అని లేచి చెప్పులు వేసుకుంది.

షాపాయన ఫొటో తీసుకుని ముందూ వెనకా రెండుసార్లు తిప్పి చూశాడు.

"అమ్మగారూ, పొరపాటున వేరేది తెచ్చినట్టున్నారు. ఇందులో పెద్దాయన ముఖం లేదు."

"ముఖం మా వైపుంది బాబూ. మేమందరం చూశాం," అంది నానమ్మ. "నువ్వు ఫ్రేము కట్టు."