లచ్చాగౌడ్ మార్కు

నేను ఒక నల్లగాజు గ్లాసును. నల్లగా ఉన్నానని జాలిపడకండి, కావాలనే నల్లగా చేశారు. నాలో ఏం పోసినా పైకి కనిపించదు. రంగు చూస్తే మనిషి మోసపోతాడట. బంగారు రంగులో ఉంటే బాగుందంటాడు, మడ్డిగా ఉంటే బాగాలేదంటాడు, నాలుకను అడగనే అడగడు. తన కంటిని తానే నమ్మని జాతి ఆ కంటికి గంతలు కట్టడానికి నన్ను పుట్టించింది. నా పుట్టుకకు కారణమే అనుమానం. నా మాటల్లో అది ఎక్కువగా కనిపిస్తే తప్పు నాది కాదు.

నన్ను ఫిరోజాబాదులో ఊదారు. కొలిమి దగ్గర కూర్చున్న మనిషి ఒక్కొక్క గ్లాసునూ ఎండకు ఎత్తి చూసేవాడు. ఏ మూలనుంచైనా వెలుతురు కనిపిస్తే పగలగొట్టేవాడు. వెలుతురు కనిపించిందని పారేయడం ఇంకెక్కడా వినలేదు. ఆ కుప్పలోంచి బతికి బయటపడ్డ ముగ్గురం గడ్డిలో చుట్టుకుని హైదరాబాదు చేరాం.

మొదట మమ్మల్ని హోటల్ పనులు నేర్పే ఒక కళాశాల కొన్నది. పిల్లలు మా ముందు వరసగా కూర్చుని, నాలో ఏముందో రాయాలి. నన్ను ముక్కు దాకా ఎత్తేవారు, కళ్లు మూసుకునేవారు, తలాడించేవారు. ఆ తర్వాత పక్కవాడి కాగితంలోకి చూసి రాసేవారు. మూడేళ్లు ఇదే చూశాను. కళాశాల మూతపడ్డాక పాత కుర్చీలతో కలిపి మమ్మల్ని అమ్మేశారు.

కొన్నవాడు దినకర్ రెడ్డి. ముంబై రోడ్డు పక్కన, చెరకు చేల మధ్య అతనికి చిన్న బీరు కార్ఖానా ఉండేది. ఒక రేకుల షెడ్డు, మూడు ట్యాంకులు. జొన్నలు మొలకెత్తించి బీరు చేసేవారు. చేసేది నీరజ. ఎక్కడో పెద్ద చదువు చదివి వచ్చిన పిల్ల, నవ్వడం తక్కువ. రుచి చూసి మార్కు వేసేది లచ్చాగౌడ్.

లచ్చాగౌడ్ ముప్పై ఏళ్లు తాటిచెట్లెక్కినవాడు. మోకాళ్లు అరిగి దిగిపోయాడు. కానీ ముక్కు మాత్రం అరగలేదు. కల్లు కుండ మూతి దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏ చెట్టుదో చెప్పేవాడట. దినకర్ రెడ్డి ఆ ముక్కును నెలజీతానికి తెచ్చుకున్నాడు. ఏ ట్యాంకు బీరుకు లచ్చాగౌడ్ పదికి ఎన్ని వేస్తే అన్నే సీసా మీద అచ్చు వేయించేవాడు. ‘లచ్చాగౌడ్ మార్కు: ఆరు.’ ఒకసారి ఐదున్నర కూడా వేశాడు. తన సరుకుకే ఐదున్నర వేసుకున్నవాడు అబద్ధమాడడని జనం నమ్మి, ఆ సీసాలే ముందు కొన్నారు. మనిషిని మోసం చేయడానికి నిజం కూడా పనికొస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

పొద్దున పది గంటలకు, ఏమీ తినకముందు, మా ముగ్గురిలో మూడు ట్యాంకుల బీరు పోసి బల్ల మీద పెట్టేవారు. ఏది ఏ ట్యాంకుదో లచ్చాగౌడ్‌కు తెలియకూడదు. అతను గౌడు కదా, తాగేముందు సాక పోసేవాడు. అంటే దేవతకని నేల మీద ఒక చుక్క. మొదటి గ్లాసులోంచి ఒక్క చుక్క వేసి, కళ్లకద్దుకుని, మొదలుపెట్టేవాడు. మూడేళ్లు అంతే.

ఆ తర్వాతి వానాకాలంలో అతనికి జ్వరం వచ్చింది. పదిహేను రోజులు రాలేదు. వచ్చిన రోజునుంచి ముగ్గురిలోంచీ సాక పోయడం మొదలుపెట్టాడు. మూడు చోట్ల, జానెడు దూరంలో, మూడు చుక్కలు.

భక్తి పెరిగిందని నీరజ అనుకుంది. నేననుకోలేదు. భక్తికి ఒక్క చుక్క చాలు. పైగా సాక పోసినవాడు పైకి చూస్తాడు. ఇతను కిందికి చూస్తున్నాడు. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసి, ఆ సగంలోంచి నేలనే చూస్తున్నాడు. నేల మీదకు సన్నటి కల్లు ఈగలు వచ్చేవి. రెండు చుక్కల మీద ముసిరి, మూడోదాన్ని వదిలేసేవి. లచ్చాగౌడ్ గొంతు సవరించుకుని ఆ మూడోదానికి మార్కు తగ్గించేవాడు. నీరజ వెళ్లి చూస్తే ఆ ట్యాంకులో ఏదో ఒక లోపం దొరికేది.

నన్ను పట్టుకున్న ముక్కు లోపలికి గాలి పీలుస్తోంది. కానీ దానికి ఏమీ అందడం లేదు. ఆ సంగతి నాకు మొదటి వారంలోనే తెలిసింది. ఈగ పని చేసింది, జీతం మనిషి తీసుకున్నాడు.

దసరాకు దినకర్ రెడ్డి కొత్త గది కట్టించాడు. చుట్టూ అద్దాలు, లోపల ఏసీ, కింద తివాచీ. వచ్చినవాళ్లు అద్దాల బయట నిలబడి లచ్చాగౌడ్ రుచి చూడడం చూడాలని అతని ఆలోచన. ఈగ దూరే సందు లేదు. లచ్చాగౌడ్ మొదటి రోజు తివాచీ మీద మూడు చుక్కలు వేసి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నీరజ ముఖం చూశాడు, దినకర్ రెడ్డి ముఖం చూశాడు. ఎనిమిది వేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఎనిమిదికి తగ్గలేదు. దినకర్ రెడ్డి పొంగిపోయాడు. నీరజ బీరు బాగుపడిందని అందరూ అన్నారు. నీరజ ఒక్కతే ఆ మాట అనలేదు.

నేను ఆ పిల్లను కూడా అనుమానించాను. ముసలివాడి కుర్చీ మీద కన్నేసిందనుకున్నాను. దసరా దాటిన ఐదు నెలలకు, ఒక శుక్రవారం ఆమె నాలో ఏదో కలిపి తెచ్చినప్పుడు ఆ అనుమానం ఇంకా గట్టిపడింది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

“దీనికెంత, కాకా?”

లచ్చాగౌడ్ వాసన చూశాడు. గుక్క తాగాడు. నాలుక మీద తిప్పాడు. “ఎనిమిది రాసుకో బిడ్డా. జొన్న కమ్మగ తెలుస్తున్నది.”

“జొన్న లేదందుల. సోడా. చేదుకు రెండు చుక్కల నేలవేము రసం, చిటికెడు చక్కెర.”

అతను నన్ను కింద పెట్టలేదు. వేళ్లు మాత్రం బిగిశాయి.

“నీకెవలు చెప్పిన్రు?”

“ఈగలు చెప్పినయ్. షెడ్డుల సాక పోసి నేల దిక్కు చూస్తుంటివి. ఈడికొచ్చినంక మా మొకాలు చూస్తున్నవ్.”

“ఈగ ముట్టని కల్లు మనిషి ముట్టొద్దని మా నాయన చెప్పిండు. గా ఒక్క ముక్క మీద రెండు నెలలు ఎల్లదీసిన. ముక్కు జరంల పోయింది బిడ్డా. పప్పు మాడినా తెలుస్తలేదు.”

“చెప్పొద్దా మరి?”

“చెప్తే ఏమైతది? మోకాళ్లు ఎన్నడో పోయె. ముక్కొక్కటే ఉండె. గదిగూడ లేదంటే లచ్చాగౌడ్‌ల ఇంకేమున్నది?”

“నీల ఏమున్నదో తర్వాత చూద్దాం. మూడో ట్యాంకుల ఏమున్నదో విను. బ్లీచింగు పెట్టి కడిగిన్రు, మంచిగ జాడియ్యలే. ఆసుపత్రి వాసన కొడుతున్నది. పారబోద్దామంటే సారు నీ ఎనిమిది తీసి నా మొకం ముందట పెడుతున్నడు. ఎల్లుండి ఆదివారం రెండు వేల సీసాలు బయటికి పోతయ్. నీ పేరు మీద.”

ఆమె నన్ను కడిగి, మూడో ట్యాంకు బీరు పోసింది. ఇద్దరూ దినకర్ రెడ్డి గదికి వెళ్లారు. లచ్చాగౌడ్ తన నోటితోనే చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి, తువ్వాలు చేతిలోకి తీసుకుని చెప్పాడు.

దినకర్ రెడ్డి నన్ను తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నన్ను బల్ల చివరకు, చెయ్యి చాపినంత దూరం నెట్టాడు. అంటే అతనికి తెలుసు. తెలియనివాడు అంత దూరం నెట్టడు.

“ముక్కు పోతే పోయింది లచ్చన్నా,” అన్నాడు నవ్వుతూ. “చెయ్యి ఉన్నది కదా, సంతకం పెట్టు. నీ ముక్కు మంచిగున్నన్ని రోజులు ఆరు దాటకపోతివి. ఇప్పుడే నయం.”

“అది నిజమైన మార్కు సారూ.”

“లేబుళ్లు అచ్చయినయ్. ఆదివారం నిన్ను చూడ జనం వస్తరు, కొత్త అంగీ తొడుక్కొని రా.”

నీరజ ఏదో అనబోయింది. “నువ్వు బీరు చెయ్యమ్మా, మార్కుల సంగతి నీకెందుకు,” అన్నాడు. అప్పుడు ఆ పిల్ల మీద నా అనుమానం పోయింది. నాకు అనుమానం పోవడం అదే మొదటిసారి. కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

ఆదివారం అద్దాల బయట అరవై మంది నిలబడ్డారు. దినకర్ రెడ్డి మైకు పట్టుకుని లచ్చాగౌడ్ ముక్కు గురించి పది నిమిషాలు మాట్లాడాడు. లచ్చాగౌడ్ కొత్త అంగీ తొడుక్కుని లోపల నిలబడ్డాడు. నాలో మూడో ట్యాంకు బీరు ఉంది. నన్ను ఎత్తాడు. ఎనిమిదే అంటాడని నేను అనుకున్నాను. ఐదు నెలలు అన్నవాడు ఇంకొక్కసారి అనడా?

అతను తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. అందరికంటే ముందు నిలబడ్డ ఒక ఆడమనిషి చేతిలో నన్ను పెట్టాడు.

“అమ్మా, జర వాసన చూసి చెప్పు.”

ఆమె నవ్వుతూ చూసింది. నవ్వు ఆగిపోయింది. “ఛీ! ఆసుపత్రిల మంచం పక్కన కూసున్నట్టున్నది.”

“నాకు ఏ వాసనా వస్తలేదు,” అన్నాడు లచ్చాగౌడ్. “జరం వచ్చినకాడికెళ్లి ముక్కు పోయింది. దసరా నుంచి సీసాల మీదున్న ఎనిమిదులన్నీ దొంగ ఎనిమిదులు. నేనే ఏసిన. దీన్ని కొనకున్రి.”

దినకర్ రెడ్డి మైకు ఆపేశాడు. కానీ మైకు అవసరం లేనంత గట్టిగానే అన్నాడు లచ్చాగౌడ్. ముందు ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ కొట్టారు. నేను కొట్టలేదు. నాకు చేతులు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఐదు నెలలు అబద్ధం చెప్పినవాడు ఒక్కరోజు నిజం చెబితే చప్పట్లు కొట్టారు. రోజూ నిజం చెప్పిన నీరజ వైపు ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి రెండు వేల సీసాలూ కాలువలో పోశారు. లచ్చాగౌడ్‌ను మర్నాడే పంపించేశారు. నీరజ మార్కులు వేయడం మొదలుపెట్టింది. మొదటి మార్కు ఐదు. అమ్మకాలు మళ్లీ పెరిగాయి.

దినకర్ రెడ్డి నష్టపోయే మనిషి కాదు. ఆ ఆదివారం సంగతి ఆ చుట్టుపక్కలంతా పాకింది. జనం వచ్చి ఆ గ్లాసేదని అడిగేవారు. అతను నన్ను అద్దాల బీరువాలో పెట్టించి, కింద దీపం వెలిగించి, ఒక అట్ట రాయించాడు: ‘నిజం చెప్పిన గ్లాసు.’ నేను ఏ నిజమూ చెప్పలేదు. ఏడు నెలలు అంతా తెలిసి నోరు మూసుకున్నదాన్ని. పక్కన నా సోదరులు ఇంకా పనిచేస్తున్నారు. వాళ్లకు అట్టలు లేవు.

మొన్న లచ్చాగౌడ్ వచ్చాడు. నీరజ తన పెళ్లి పత్రిక ఇస్తానని పిలిచిందట. పత్రిక జేబులో పెట్టుకుని బీరువా ముందు నిలబడ్డాడు. అట్ట చదవమని నీరజను అడిగాడు. ఆమె చదివింది.

“ఒక్కసారి తియ్యి బిడ్డా,” అన్నాడు.

ఆమె తాళం తీసింది. అతను నన్ను తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, పాత అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చాడు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

“ఏం లేదు,” అన్నాడు.

ఏమీ లేదు నిజమే. ఏడాదిగా నాలో ఎవరూ ఏమీ పోయలేదు. ఎన్నో నెలల తర్వాత ఆ ముక్కు సరిగ్గా చెప్పింది.